మౌనం నేర్పే ముంగిళ్లు: భాగ్యనగరంలో కతోలిక ధ్యాన నిలయాలు, శిక్షణాలయాలు

హైదరాబాద్, పాతబస్తీ: రంజాన్ మాసం చివరి పది రోజుల్లో పాతబస్తీ మసీదుల్లో ఏతెకాఫ్ పాటించేవారు కనిపిస్తారు. ఇల్లు, దుకాణం, బంధువులు అన్నింటినీ కొద్దికాలం పక్కన పెట్టి మసీదు హద్దుల్లోనే ఉంటూ ప్రార్థనలో గడుపుతారు. సూఫీ సంప్రదాయంలో నలభై రోజుల ఏకాంత సాధనకు 'చిల్లా' అని పేరు. కార్తీక మాసం వచ్చిందంటే అదే వీధుల్లో నల్లని వస్త్రాలు ధరించిన అయ్యప్ప భక్తులు మండల దీక్షలో కనిపిస్తారు. లోకవ్యవహారం నుంచి కొంతకాలం వైదొలగి తనను తాను పరీక్షించుకోవడం ఈ నగరానికి కొత్త విషయం కాదు. కతోలిక క్రైస్తవుల్లో ఈ ఆచారానికి తెలుగులో 'వడకము' అని పేరు. దానికోసం ఏర్పడినవే ధ్యాన నిలయాలు. గురువులు, కన్యస్త్రీలు కాబోయేవారికి ఏళ్ల తరబడి తర్ఫీదునిచ్చేవి శిక్షణాలయాలు. బయటి నుంచి చూసేవారికి ఎత్తయిన ప్రహరీ, చెట్ల నీడ, మూసి ఉన్న ద్వారం మాత్రమే కనిపించే ఈ ప్రాంగణాల్లో ఏం జరుగుతుంది, వాటికి నియమాలేమిటి, సామాన్యుడికి వాటిలో చోటుందా అన్న అంశాలపై కథనమిది.

వడకము అంటే

వడకము విహారయాత్ర కాదు, ఉపన్యాసాల సభ కూడా కాదు. నిర్ణీతమైన రోజుల పాటు మౌనం పాటిస్తూ, గ్రంథ పఠనం, ధ్యానం, మనస్సాక్షి పరిశీలన, పాపసంకీర్తనం, దివ్యబలిపూజల ద్వారా తన జీవితం ఏ దిక్కుగా సాగుతున్నదో తెలుసుకునే ప్రయత్నం. ఒక్క రోజు మొదలుకొని ముప్పై రోజుల వరకు వ్యవధి ఉంటుంది. గృహస్థులకు సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల వడకాలు జరుగుతాయి. గురువులు, మఠవాసులు ఏటా దాదాపు వారం రోజులు కేటాయిస్తారు.

మఠవాసులకు, గురువులకు ఇది ఐచ్ఛికం కాదు. 1983లో వెలువడిన శ్రీసభ చట్ట సంహిత ప్రకారం గురువులు, మఠవాసులు, గురు విద్యార్థులు ఏటా వడకములో పాల్గొనాలి. గురుపట్టం స్వీకరించబోయే అభ్యర్థి అంతకుముందు కనీసం ఐదు రోజుల పాటు వడకములో ఉండి తీరాలి. గృహస్థులకు అటువంటి నిర్బంధం లేదు. వారు తమంత తాముగా వచ్చేవారే. తపస్సు కాలంలో, అంటే విభూది బుధవారం నుంచి ఈస్టరు ముందు వరకు, విచారణ గుడుల్లోనూ వడకాలు ఏర్పాటవుతాయి.

గుహలో పుట్టిన పద్ధతి

నేడు ప్రపంచమంతటా అనుసరిస్తున్న వడక పద్ధతికి మూలపురుషుడు స్పెయిన్ దేశీయుడైన పునీత లొయోలా ఇన్యాసి. తెలుగు కతోలిక కుటుంబాల్లో వినిపించే ఇన్నాసి, ఇన్నయ్య అనే పేర్లు ఈయన పేరు నుంచి వచ్చినవే. 1521లో పాంప్లోనా కోట ముట్టడిలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగిన ఈ సైనికుడు మంచం మీద ఉండగా క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రలు చదివి మనసు మార్చుకున్నాడు. 1522లో మన్రేసా పట్టణం చేరి దాదాపు ఏడాది పాటు అక్కడ ప్రార్థనలో గడిపాడు. అప్పటి అనుభవాలను రాసుకున్న టిప్పణులే తర్వాత 'ఆధ్యాత్మిక సాధనలు' అనే చిన్న గ్రంథమయ్యాయి. 1548లో మూడవ పౌలు పోపు దానికి ఆమోదం తెలిపారు. ఇన్యాసి స్థాపించిన యేసుసభ గురువులు ఈ పద్ధతిని దేశదేశాలకు తీసుకువెళ్లారు.

ఇది చదివి ముగించే పుస్తకం కాదు, చేయించే వ్యక్తికి కరదీపిక వంటిది. సాధన నాలుగు 'వారాలు'గా ఉంటుంది. ఇక్కడ వారమంటే ఏడు రోజులని లెక్క కాదు, ఒక దశ అని అర్థం. మొదటి దశలో తన దోషాలను, దేవుని దయను గుర్తించడం. రెండో దశలో క్రీస్తు జీవితాన్ని కళ్లెదుట ఊహించుకుని ధ్యానించడం. మూడో దశలో ఆయన శ్రమలు. నాలుగో దశలో పునరుత్థానం. మొత్తం సుమారు ముప్పై రోజులు పడుతుంది. ఎనిమిది రోజుల వడకము దీనికి సంక్షిప్త రూపం.

సొంతంగా భవనం కట్టి ఏడాది పొడవునా వడకాలు నిర్వహించే ఆచారం 17వ శతాబ్దంలో ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రాంతంలో, వాన్ పట్టణంలో బలపడింది. స్త్రీల కోసం ప్రత్యేక నిలయమూ అక్కడే వెలిసింది. 1826లో అదే దేశంలోని లా లువెస్క్ గ్రామంలో యాత్రికులైన స్త్రీలకు బసగా ప్రారంభమైన ఇంటిని పునీత తెరెసా కూడెర్క్ వడక నిలయంగా మార్చారు. సెనకిల్ కన్యస్త్రీల సభ అలా ఏర్పడింది. ఆమెకు 1970లో పునీత పట్టం లభించింది. 1922లో పదకొండవ పయస్ పోపు ఇన్యాసిని వడకాలకు పాలక పునీతుడిగా ప్రకటించారు. 1929లో అదే పోపు ప్రత్యేక లేఖ వెలువరిస్తూ కార్మికులతో సహా అన్ని వర్గాల గృహస్థులకు ఈ అవకాశం అందాలని కోరారు.

ఒక రోజు ఎలా గడుస్తుంది

ధ్యాన నిలయంలో దినచర్య చూడటానికి నిరాడంబరం. వేకువనే లేవడం, ఉదయ ప్రార్థన, వడక బోధకుని సంక్షిప్త ప్రసంగం, ఆపై ఒంటరిగా ధ్యానం. రోజులో ఇలాంటి ధ్యాన సమయాలు మూడు నుంచి ఐదు వరకు ఉంటాయి. ప్రతి ధ్యానం ముగిశాక పావుగంట సేపు అది ఎలా సాగిందో తనలో తాను నెమరు వేసుకుని నోటు పుస్తకంలో రాసుకుంటారు. మధ్యాహ్నం, రాత్రి రెండు పూటలా మనస్సాక్షి పరిశీలన ఉంటుంది. భోజనం మౌనంగా సాగుతుంది. ఒకరు గ్రంథం చదువుతుంటే మిగతావారు వింటూ తినడం అనేక నిలయాల్లో ఆచారం. సాయంత్రం దివ్యసత్ప్రసాద ఆరాధన, ఆపై మౌనంగా శయనం.

కొత్తవారికి కష్టమనిపించేది ఉపవాసమో, నేలపై కూర్చోవడమో కాదు, మౌనమే. మొదటి రోజు అలసట వల్ల నిద్ర ముంచుకొస్తుంది. తర్వాత వదిలి వచ్చిన పనులు, అప్పులు, తగాదాలు గుర్తుకొస్తాయి. ఇన్యాసి ఈ స్థితిని ముందే గమనించి, మనసు పొడిబారినప్పుడు ధ్యాన సమయాన్ని తగ్గించుకోకూడదని, నిర్ణయించుకున్న గంటను పూర్తిగా గడపాలని సూచించారు. మనసు ఉప్పొంగినప్పుడు తొందరపడి మొక్కులు మొక్కరాదన్నది ఆయన చేసిన మరో హెచ్చరిక. భావోద్వేగాన్ని దైవాదేశంగా పొరబడకుండా ఆపే ఈ జాగ్రత్త వల్లే ఈ పద్ధతి దాదాపు ఐదు శతాబ్దాలు నిలిచింది.

మూసీకి అటూ ఇటూ

హైదరాబాద్‌లో కతోలిక మిషన్ వ్యవస్థీకృతం కావడం 19వ శతాబ్దంలో జరిగింది. ఐర్లండు దేశీయుడైన డేనియల్ మర్ఫీ ఇక్కడ తొలి పీఠాధికారి. 1851లో హైదరాబాద్ ప్రత్యేక మిషన్ ప్రాంతంగా ఏర్పడింది. 1855 నుంచి ఇటలీలోని మిలాన్ నగర మిషనరీ గురువులు బాధ్యత వహించారు. 1886లో మేత్రాసనంగా, 1953లో అగ్రపీఠంగా హైదరాబాద్ హోదా పెరిగింది. మర్ఫీ అనంతరం ఆస్ట్రేలియాలోని హోబర్ట్ పీఠానికి బదిలీ అయి అక్కడే 1907లో కన్నుమూశారు.

చార్మినార్ నుంచి పత్తర్‌గట్టి, మదీనా మీదుగా నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్, ఆబిడ్స్ వైపు సాగితే గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ మహాదేవాలయం కనిపిస్తుంది. నిజాంల కాలంలో ఫిరంగులు పోతపోసిన చోటు పక్కనే 1870వ దశకంలో పూర్తయిన ఈ గుడి అగ్రపీఠాధిపతి ఆసనం. దాని చుట్టూ పాఠశాలలు, కన్యస్త్రీల మఠాలు విస్తరించాయి. సికింద్రాబాద్‌లో 1850లో నిర్మితమైన సెయింట్ మేరీ దేవాలయం 2008లో బసిలికా హోదా పొందింది. ఇటలీలోని తూరిన్ నుంచి వచ్చిన సెయింట్ ఆన్ సభ కన్యస్త్రీలు 1871 నుంచి సికింద్రాబాద్‌లో బాలికా విద్యను చేపట్టారు. నాటి మిషన్ ఆవరణల్లో పాఠశాల, మఠం, ప్రార్థనాలయం ఒకే ప్రహరీలో ఉండేవి. సెలవుల్లో పాఠశాల ఖాళీ కాగానే కన్యస్త్రీలు వార్షిక వడకానికి కూర్చోవడం ఇటువంటి మఠాల్లో పరిపాటి.

బేగంపేటలోని జీవన్‌జ్యోతి ప్రాంగణం నగర కతోలికులకు సుపరిచితం. గురువులు, కన్యస్త్రీలు, ఉపదేశులు, గృహస్థుల వడకాలకు, శిక్షణ సదస్సులకు అది వేదిక. సికింద్రాబాద్‌లోని అమృతవాణి సంస్థ తెలుగులో భక్తి గ్రంథాలు, గీతాలు, ప్రార్థన పుస్తకాలు తెచ్చి ధ్యాన సామగ్రిని ఇంటింటికీ చేర్చింది. ఉప్పల్ మార్గంలో రామంతాపూర్‌లో ఉన్న సెయింట్ జాన్స్ ప్రాంతీయ గురు విద్యాలయం తెలుగు మేత్రాసనాలకు ఉమ్మడి శిక్షణాలయం.

ఇక పాతబస్తీ లోపల కతోలికుల సంఖ్య స్వల్పం. అయినా శాలిబండ, అలియాబాద్ దాటి ఫలక్‌నుమా వైపు వెళ్లేవారికి జహనుమాలో బాయ్స్ టౌన్ కనిపిస్తుంది. పునీత గాబ్రియేలు మోంట్‌ఫోర్ట్ సోదరులు నిర్వహించే ఈ సంస్థ పేదింటి బాలురకు ఆశ్రయం, చదువు, ఐటీఐ ద్వారా వృత్తి విద్య అందిస్తూ వచ్చింది. ఈ సోదరులు గురువులు కారు. పూజ చేయరు, బోధనే వారి వృత్తి. వారి సభకు మూలపురుషుడైన లూయీ మరియ గ్రిన్యోన్ ద మోంట్‌ఫోర్ట్ 1673 నుంచి 1716 వరకు జీవించిన ఫ్రెంచి గురువు. ఊరూరా తిరిగి పేదల మధ్య ధ్యాన బోధలు సాగించిన ఆయనకు 1947లో పునీత పట్టం దక్కింది. యంత్రం ముందు నిలబడి పని నేర్చుకునే క్రమశిక్షణ కూడా వ్యక్తిత్వ నిర్మాణమేనన్నది ఈ సోదరుల సంప్రదాయం. ఆ విధంగా పాతబస్తీలో కతోలిక శిక్షణ ధ్యానమందిరం రూపంలో కంటే కార్ఖానా రూపంలో ఎక్కువ పరిచయం.

పాతబస్తీ అంచున శివరాంపల్లిలో ఉన్న హెన్రీ మార్టిన్ సంస్థ కతోలికం కాదు. వివిధ ప్రొటెస్టంట్ సంఘాల చొరవతో 1930లో లాహోర్‌లో ప్రారంభమై, పలు నగరాలు మారి 1970వ దశకం తొలి రోజుల్లో హైదరాబాద్ చేరింది. ఇస్లాం అధ్యయనం, మతాల మధ్య సామరస్యం దాని ప్రధాన కార్యక్షేత్రాలు. పాతబస్తీలో మతకల్లోలాల గాయాలు మాన్పే ప్రయత్నంలో బస్తీ స్థాయి కేంద్రాలను ఆ సంస్థ నడిపింది. 2017లో కేరళ మూలాలు గల సీరో మలబారు కతోలికుల కోసం శంషాబాద్ పేరిట కొత్త మేత్రాసనం ఏర్పడటంతో నగరానికి దక్షిణాన మరో కతోలిక సంప్రదాయం కూడా చేరింది.

గురువు కావాలంటే

గురు విద్యాలయాల వ్యవస్థకు 1563లో ట్రెంట్ మహాసభ చేసిన తీర్మానం పునాది. అంతకుముందు గురువుల చదువుకు ఒక పద్ధతి ఉండేది కాదు. ప్రతి మేత్రాసనం యువకులను చేరదీసి చదివించాలని, పేదల పిల్లలకు ప్రాధాన్యమివ్వాలని ఆ సభ నిర్దేశించింది. ద్వితీయ వాటికన్ మహాసభ 1965లో ఈ శిక్షణను సంస్కరించింది. 1992లో రెండవ జాన్ పాల్ పోపు శిక్షణకు నాలుగు అంగాలను స్పష్టం చేశారు. అవి మానవీయ పరిణతి, ఆధ్యాత్మికత, విద్య, ప్రజాసేవా అనుభవం. 2016లో వాటికన్ కొత్త మార్గదర్శకాలు వెలువరించింది.

వాటి ప్రకారం తొలుత ఒకటి నుంచి రెండేళ్ల లోపు సన్నాహక దశ. తర్వాత కనీసం రెండేళ్లు తత్వశాస్త్రం, కనీసం నాలుగేళ్లు దైవశాస్త్రం. ఆపై క్షేత్రస్థాయి అనుభవం. సాధారణంగా 25 ఏళ్లు నిండనిదే గురుపట్టం ఇవ్వరు. అంతకుముందు ఉపగురువుగా కనీసం ఆరు నెలలు గడపాలి. మఠాల్లో చేరేవారికి నొవిషియేట్ అనే దశ ఉంటుంది. చట్టం ప్రకారం అది పన్నెండు నెలలకు తగ్గరాదు, సాధారణంగా రెండేళ్లకు మించరాదు. ఆ కాలంలో అభ్యర్థి సభను పరీక్షిస్తాడు, సభ అభ్యర్థిని పరీక్షిస్తుంది. కారణం చెప్పకుండానే బయటికి వెళ్లే స్వేచ్ఛ అభ్యర్థికి ఉంటుంది.

ఈ దీర్ఘ శిక్షణ తెలుగు సమాజంలో సాధించిన మార్పుకు ఒక ఉదాహరణ పూల అంతోని. కర్నూలు జిల్లాలో పుట్టి, కర్నూలు చిన్న గురు విద్యాలయంలో, అనంతరం బెంగళూరులో చదివి 1992లో గురువయ్యారు. 2008లో కర్నూలు పీఠాధిపతి, 2020లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి అయ్యారు. 2022 ఆగస్టు 27న కార్డినల్ హోదా స్వీకరించారు. ఆ స్థానానికి చేరిన తొలి తెలుగువారు, తొలి దళితుడు ఆయనే. పేదల పిల్లలకు ప్రాధాన్యమన్న నాలుగున్నర శతాబ్దాల నాటి తీర్మానానికి ఈ నేలపై దక్కిన ఫలితంగా దీన్ని భావించవచ్చు.

మనస్సాక్షికి కంచె

మూసిన తలుపుల వెనుక ఒకరు మరొకరి మనసును చూసే చోట అధికార దుర్వినియోగానికి అవకాశం ఉంటుంది. ఇది ఏ మతానికైనా, ఏ ఆశ్రమానికైనా వర్తించే మాట. అందుకే శ్రీసభ చట్టంలో కొన్ని కంచెలు ఉన్నాయి. వీటి గురించి బయటివారికే కాదు, విశ్వాసుల్లోనూ చాలామందికి తెలియదు.

మొదటిది, పాలన వేరు, అంతరంగం వేరు. గురు విద్యాలయ అధిపతి, నొవిషియేట్ అధిపతి తమ వద్ద నివసించే శిష్యుల పాపసంకీర్తనం వినరాదు. శిష్యుడే తనంత తానుగా కోరిన ప్రత్యేక సందర్భం మాత్రమే మినహాయింపు. రెండవది, ఒక విద్యార్థికి గురుపట్టం ఇవ్వాలా, అతన్ని పంపివేయాలా అని నిర్ణయించే వేళ అతని ఆత్మ గురువు అభిప్రాయాన్ని, పాపసంకీర్తనం విన్న గురువు అభిప్రాయాన్ని అడగనే రాదు. మూడవది, తమ మనస్సాక్షిని తెరిచి చెప్పమని మఠాధిపతులు సభ్యులను ఏ విధంగానూ ప్రేరేపించరాదు.

ఇన్యాసి గ్రంథంలోనూ ఇదే స్ఫూర్తి ఉంది. వడకము చేయించేవాడు సాధకుణ్ణి సన్యాసం వైపో, సంసారం వైపో నెట్టరాదని, తూకంలో ముల్లులా నడిమధ్య నిలవాలని ఆయన రాశారు. సాధకుని పాపాలను, ఆంతరంగిక ఆలోచనలను కూపీ లాగరాదనీ సూచించారు. దేవునికీ మనిషికీ నడుమ జరిగే సంభాషణలో మూడో వ్యక్తి స్థానం పరిమితమన్నది ఆయన దృష్టి.

నియమం పుస్తకంలో ఉన్నంత మాత్రాన ఆచరణలో ఉంటుందన్న హామీ లేదు. గత దశాబ్దాల్లో అనేక దేశాల్లో కతోలిక సంస్థల్లో జరిగిన దురాగతాలు బయటపడ్డాయి. ఫలితంగా 2019లో ఫ్రాన్సిస్ పోపు ఫిర్యాదుల స్వీకారానికి ప్రతి మేత్రాసనంలో ఏర్పాటు ఉండాలని ఆదేశించారు. 2023లో ఆ నిబంధనలు శాశ్వతమయ్యాయి. మన దేశంలో 18 ఏళ్లలోపు వారిపై లైంగిక నేరం జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం కింద విధి. ధ్యాన నిలయానికీ, గుడికీ, మఠానికీ ఇందులో మినహాయింపు లేదు. ధ్యాన నిలయానికి ప్రాణం భవనంలో లేదు. అక్కడికి వచ్చినవారి మనస్సాక్షి స్వేచ్ఛగా, భద్రంగా ఉందన్న నమ్మకంలో ఉంది.

ఈ నేల పోకడలు

1969లో భారతదేశ పీఠాధిపతుల కోరిక మేరకు ఆరాధనలో పన్నెండు స్థానిక ఆచారాలకు వాటికన్ సమ్మతించింది. పాదరక్షలు విడిచి నేలపై కూర్చోవడం, అంజలి ఘటించడం, పంచాంగ ప్రణామం, హారతి, దీపస్తంభం వంటివి అందులో ఉన్నాయి. ఆ తర్వాత ధ్యాన మందిరాల రూపురేఖలు మారాయి. బల్లల స్థానంలో చాపలు వచ్చాయి, నూనె దీపాలు వెలిగాయి.

బొంబాయిలో జన్మించిన యేసుసభ గురువు ఆంథోనీ డి మెల్లో 1970వ దశకంలో పుణెలో ప్రారంభించి, తర్వాత లోనావ్లాకు తరలించిన 'సాధన' సంస్థ శ్వాసపై ధ్యాస, శరీర స్పృహ వంటి ప్రాచ్య పద్ధతులను క్రైస్తవ ప్రార్థనకు జోడించింది. దేశమంతటి నుంచి గురువులు, కన్యస్త్రీలు అక్కడికి వెళ్లి శిక్షణ పొందారు. ఆయన 1987లో మరణించారు. ఆయన రచనల్లోని కొన్ని భావాలు కతోలిక విశ్వాసానికి సరిపడవని 1998లో వాటికన్ హెచ్చరించింది. స్థానికతకు హద్దు ఎక్కడన్న చర్చ అప్పటికీ ఇప్పటికీ ఉన్నదే.

మరోవైపు పవిత్రాత్మ నవీకరణ ఉద్యమం 1970వ దశకంలో దేశంలో ప్రవేశించింది. దీని ధోరణి వేరు. మౌనం స్థానంలో సామూహిక స్తుతి, పాటలు, స్వస్థత ప్రార్థనలు ఉంటాయి. కేరళలోని మురింగూర్ డివైన్ ధ్యాన కేంద్రం దీనికి పేరెన్నికగన్న చిరునామా. అక్కడ తెలుగుతో సహా పలు భాషల్లో వడకాలు జరుగుతాయి. వేల సంఖ్యలో జనం హాజరయ్యే ఈ వడకాలకు, పదిమందితో మౌనంగా సాగే ఇన్యాసి వడకాలకు పేరొక్కటే, స్వభావం వేరు. తొలిసారి వెళ్లదలచినవారు ఈ తేడా తెలుసుకోవాలి.

దినకూలీ మాటేమిటి

ఇక్కడే అసలు ప్రశ్న ఎదురవుతుంది. ఎనిమిది రోజుల మౌనం ఎవరికి సాధ్యం? గురువుకు, కన్యస్త్రీకి అది విధి. వారి భోజన వసతుల బాధ్యత సభది. నెలజీతం ఉన్న ఉద్యోగి సెలవు పెట్టుకోగలడు. తాపీ పనికి వెళ్లేవాడు, ఇళ్లలో పనిచేసే స్త్రీ, ఆటో నడిపే యువకుడు ఒక్క రోజు పని మానితే ఆ రోజు కూలి పోతుంది. పసిపిల్లల తల్లికి ఇల్లు విడిచి వెళ్లే వీలే ఉండదు. ఎక్కువ నిశ్శబ్దం అవసరమైనవారికే అది అందని ఫలమైతే, ధ్యాన నిలయం కొద్దిమంది సొత్తుగా మిగిలిపోతుంది.

దీనికి సమాధానం కూడా ఇన్యాసి గ్రంథంలోనే ఉంది. వ్యవహారాల్లో తలమునకలైనవారు పని మానుకోనవసరం లేదని, రోజుకు గంటన్నర కేటాయించి ఇంటి వద్దే నెలల తరబడి సాధన కొనసాగించవచ్చని ఆయన ప్రత్యేక సూచన చేశారు. పెద్దగా చదువుకోనివారికి సులభమైన ప్రార్థనలు నేర్పాలన్నది మరో సూచన. 'దైనందిన జీవితంలో వడకము' పేరిట ఈ పద్ధతి నేడు అనేక దేశాల్లో ప్రాచుర్యంలో ఉంది. ఇందుకు భవనం అక్కరలేదు. కావలసింది వారానికోసారి కలిసి ఓపికగా వినే మార్గదర్శి, అర్థమయ్యే భాష.

భాష విషయం చిన్నది కాదు. జంటనగరాల్లో ఆంగ్లంలో వడక పుస్తకాలకు, బోధకులకు కొరత లేదు. పల్లెల నుంచి వలస వచ్చిన కుటుంబాలకు కావలసింది తెలుగు. ఈ లోటు తీర్చినవారిలో యేసుసభకు చెందిన పూదోట జోజయ్య గురువు ముఖ్యులు. బైబులు భాష్య సంపుటాల ద్వారా ఆయన వేదార్థాన్ని సరళమైన తెలుగులో ఉపదేశులకు, గృహస్థులకు చేరువ చేశారు. అటువంటి రచన ఒక ఇంటికి చేరితే అక్కడే ఒక చిన్న ధ్యాన నిలయం వెలిసినట్లు.

నగరం పెరుగుతున్న తీరు మరో సవాలు. ఒకనాడు ఊరి వెలుపల విశాలమైన తోటల్లో కట్టిన ప్రాంగణాల చుట్టూ బహుళ అంతస్తుల భవనాలు, పైవంతెనలు వచ్చాయి. వాహనాల హోరు ప్రార్థనా మందిరంలోకి చొరబడుతున్నది. చేతిలోని సెల్‌ఫోను అంతకంటే పెద్ద హోరు. ద్వారం వద్ద ఫోను అప్పగించడమే నేటి వడకములో తొలి తపస్సు అనవచ్చు.

వెళ్లదలచినవారికి

- ముందుగా విచారణ గురువును సంప్రదించడం మేలు. ఎవరు నిర్వహిస్తున్నారో, మేత్రాసన అనుమతి ఉందో లేదో ఆయన చెప్పగలరు.
- మౌన వడకమా, సామూహిక ప్రార్థనా సదస్సా, ఏ భాషలో జరుగుతుంది, ఎన్ని రోజులు అన్న వివరాలు అడిగి తెలుసుకోవాలి.
- తొలిసారి ఒక్క రోజు వడకముతో ప్రారంభించడం మంచిది. ముప్పై రోజుల సాధనకు అనుభవం, మార్గదర్శి తప్పనిసరి.
- బైబులు, నోటు పుస్తకం, కలం, రోజూ వాడే మందులు వెంట ఉంచుకోవాలి. స్వస్థత ప్రార్థనలకు వెళ్లామని వైద్యుడు రాసిన మందులు మానరాదు.
- తీవ్రమైన దిగులు, నిద్రలేమి, ఇటీవలి మరణ దుఃఖం ఉంటే ముందే నిర్వాహకులకు తెలపాలి. దీర్ఘ మౌనం అందరికీ అన్ని వేళలా సరిపడదు.
- భోజన వసతుల ఖర్చు ఇవ్వలేనివారు ఆ మాట దాచనక్కరలేదు. రాయితీ ఉందేమో అడగవచ్చు.
- పిల్లలను, యువతను పంపే తల్లిదండ్రులు బాధ్యులెవరు, బస ఎక్కడ, మహిళా పర్యవేక్షకులు ఉన్నారా అని అడగడం వారి హక్కు.
- ఆస్తి, వివాహం, సన్యాసం వంటి విషయాల్లో అక్కడికక్కడే నిర్ణయం తీసుకోమని ఎవరు ఒత్తిడి చేసినా అది వడక ధర్మానికి విరుద్ధం. నిరాకరించి బయటికి రావచ్చు.

కొన్ని పదాలు, అర్థాలు

వడకము: కొన్ని రోజుల ఏకాంత ధ్యానం. తపస్సు కాలం: ఈస్టరుకు ముందు నలభై రోజుల ప్రాయశ్చిత్త కాలం. ఆత్మ గురువు: సాధకుని ఆధ్యాత్మిక మార్గదర్శి. పాపసంకీర్తనం: గురువు ఎదుట పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందే సంస్కారం. విచారణ: ఒక గురువు బాధ్యతలో ఉండే గ్రామాలు లేదా బస్తీల సముదాయం. మేత్రాసనం: పీఠాధిపతి పాలనలోని ప్రాంతం. ఉపదేశి: విశ్వాసులకు మతబోధ చేసే గృహస్థుడు. నొవిషియేట్: మఠంలో చేరినవారి తొలి పరీక్షా కాలం.

ఏతెకాఫ్ ముగించి పండుగ నెలవంకతో ఇంటికి చేరేవాడు, మాల విరమించి తిరిగి దుకాణం తెరిచేవాడు, వడకము ముగించి బస్సెక్కేవాడు ముగ్గురూ వెళ్లేది అదే ఇరుకు వీధులకు, అదే సంసారానికి. వెళ్లినవాడు ఇంట్లోవారితో, ఇరుగుపొరుగుతో మునుపటి కంటే మెత్తగా మాట్లాడగలిగితే ఆ నాలుగు రోజుల మౌనం ఫలించినట్లే. ఆ అవకాశం దినకూలీకి కూడా దక్కినప్పుడే ఈ ముంగిళ్లు అందరివీ అవుతాయి.